గుమాస్తా కొలిచిన నక్షత్రము

ఆశ్వయుజ మాసమున వానలు వెనుదీసి ఆకాశము తేటపడిన పిమ్మట, చంద్రుడు లేని రాత్రి ఎనిమిది గంటల వేళ మేడమీద నిలిచి, నడినెత్తికి కొంచెము ఉత్తరముగా చూపు సారించినచో, పాలవెల్లి నడుమ రెక్కలు చాచిన పక్షివంటి నక్షత్రమండలము కానవచ్చును. పాశ్చాత్యులు దానిని హంస యందురు. తోకయందు మెరయు పెద్ద చుక్క పేరు డెనెబ్. రొమ్మున ఒక చుక్కయు, తూర్పు రెక్కమీద ఒక చుక్కయు గలవు. ఈ మూడింటిని మూడు మూలలుగా నెంచి, నాలుగు మూలల మడిని పూర్తిచేయునట్లు మనస్సులో గీత గీచికొన్నచో, నాలుగవ మూలయందు ఒక మసక చుక్క యుండును. కన్ను చీకటికి అలవాటుపడిన గాని అది కనబడదు. పట్టణములలో దీపముల వెలుతురున అసలే కనబడదు. పురాణములలో దానికి కథ లేదు. పంచాంగములో దానికి పని లేదు. నక్షత్రముల జాబితాలో దానికి దొరకినది ఒక అంకె మాత్రమే: హంసయందలి 61వ తార.

సూర్యునికి ఆవల నున్న తారలలో నమ్మదగిన లెక్కతో మానవుడు దూరము కొలువగలిగిన మొదటిది ఈ మసక చుక్కయే. కొలిచినవాడు జర్మను దేశస్థుడైన ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ బెస్సెల్. ఈయన పాఠశాల చదువు ముగింపలేదు. విశ్వవిద్యాలయపు గడప విద్యార్థిగా త్రొక్కలేదు. జీతము లేని గుమాస్తాగా ఒక వర్తకుని కొఠీలో బ్రతుకు ప్రారంభించినవాడు.

ఆ కొలత యెందులకంత ముఖ్యమైనదో ముందుగా చెప్పవలసియున్నది. 1543లో కోపర్నికస్ తన గ్రంథమును ప్రకటించి, భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని చెప్పెను. ఆ మాట నిజమైనచో దానికొక ఫలితము తప్పక కనబడవలెను. చాచిన చేతివ్రేలిని ముందు ఒక కంటితోను, పిదప రెండవ కంటితోను చూడుడు. వెనుక గోడమీద వ్రేలు స్థలము మారినట్లు తోచును. భూమి ఆరు నెలలలో తన కక్ష్యయొక్క ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు, అనగా 18 కోట్ల 60 లక్షల మైళ్ల మేర తరలిపోవును గదా. అప్పుడు దగ్గరి నక్షత్రములు దూరపు నక్షత్రముల నడుమ కొంచెమైనను కదలినట్లు కనబడవలెను. ఏటికి ఆవలి గట్టున నున్న తాడిచెట్టు దూరమును మోజణీదారు ఏరు దాటకయే చెప్పుట మనవారు చూచినదే. ఈవలి గట్టున గొలుసు పరచి, రెండు కొనలనుండి కోణములు తీసి, లెక్క కట్టును. నక్షత్రముల సంగతియు అంతే. గొలుసుకు బదులు భూకక్ష్య. ఈ కదలికకే లంబనమని పేరు. సూర్యగ్రహణ గణితమునందు మన సిద్ధాంతకర్తలు వాడిన మాటయే అది.

ఆ కదలిక యెవ్వరికిని కనబడలేదు. టైకో బ్రాహి వంటి మహావేధకుడు వెదకి, కానక, అందుచేతనే భూభ్రమణమును అంగీకరింపనని చెప్పెను. ఆయన వాదము మూర్ఖవాదము కాదు. కోపర్నికస్ పక్షమువారు తారలు మిక్కిలి దూరమున నున్నవి కావున కదలిక చిన్నదై కానరాదని సమాధానము చెప్పిరి. ఋణదాత వచ్చి అడిగినప్పుడెల్ల పై ఫసలుకు తీర్చెదనను ఆసామి మాటవలె ఆ సమాధానము తరతరములుగా నడచెను. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో బ్రాడ్లీ లంబనము కొఱకు వెదకుచు మఱియొక దానిని కనుగొనెను. భూమి కదలుచుండుటచేత నక్షత్రముల వెలుగు వచ్చు దిక్కు ఏటేట ఒక చిన్న వలయముగా మారుచుండును. దీనితో భూమి కదలిక ఋజువయ్యెను గాని తారల దూరము మాత్రము తెలియలేదు. అటుపిమ్మట విలియం హెర్షెల్ వెదకెను. ఆయనకు ఒకదాని చుట్టు ఒకటి తిరుగు జంటతారలు దొరకెను, లంబనము దొరకలేదు. మొత్తముమీద మూడువందల యేండ్లకు అయిదే తక్కువగా ఈ బాకీ తీరక నిలిచియుండెను.

బెస్సెల్ 1784 జూలై 22న ప్రష్యా రాజ్యమునకు చెందిన మిండెన్ పట్టణమున జన్మించెను. తండ్రి చిన్న ప్రభుత్వోద్యోగి. తొమ్మండుగురు బిడ్డల సంసారము. బాలునికి లెక్కలనిన ప్రీతి, లాటిను భాషయనిన విముఖత. ఆ కాలమున లాటిను రానివానికి పైచదువు లేదు. పదునాలుగవ యేట బడి విడిచి, 1799 ప్రారంభమున బ్రెమెన్ రేవుపట్టణములోని కూలెన్‌కాంప్ వారి వర్తకశాలలో చేరెను. ఏడేండ్లు జీతము లేక పని నేర్చుకొనవలెనని ఒప్పందము.

చిట్టా, ఆవర్జాలు వ్రాయుటలో అతడు త్వరలోనే ఆరితేరెను. ఆ కొఠీ ఓడలు సముద్రములు దాటి పోవుచుండెడివి. సరకుతో ఓడయెక్కి పరదేశములందు బేరము చక్కబెట్టు ఉద్యోగము సంపాదింపవలెనని అతని కోరిక. అందులకై పగలెల్ల కొఠీలో పనిచేసి, రాత్రులు భూగోళము, ఇంగ్లీషు, స్పానిషు చదివెను. తరువాత నౌకాయానశాస్త్రమునకు వచ్చెను. నడిసముద్రమున ఓడ ఎక్కడ నున్నదో తారలను చూచి చెప్పుట యెట్లో ఆ గ్రంథములలో సూత్రములున్నవి. ఆ సూత్రములు ఎందువలన నిజమో మాత్రము లేదు. పదిమంది గుమాస్తాలలో తొమ్మండుగురు సూత్రముతో తృప్తిపడుదురు. ఇతడు పడలేదు. కారణము కొఱకు ఖగోళశాస్త్రము చదివెను. అది బోధపడుటకై గణితము చదివెను. కోణములు కొలుచు యంత్రమొకటి స్వయముగా చేయించుకొని, చంద్రబింబము చాటున నక్షత్రము మరుగుపడు క్షణమును పట్టి, బ్రెమెన్ పట్టణముయొక్క రేఖాంశమును గణించెను. దానిని ఇతరులు నిర్ణయించిన అంకెతో పోల్చి, సరిపోయినదని చూచుకొన్నప్పుడు ఆ కుఱ్ఱవాని సంతోషమెట్టిదో ఊహించుకొనవలసినదే.

బ్రెమెన్ నగరమున ఓల్బెర్స్ అను వైద్యుడుండెను. పగలు రోగులను, రాత్రి ఆకాశమును చూచుచు, రెంటియందును కీర్తి గాంచినవాడు. 1804లో, ఇరువది యేండ్ల బెస్సెల్ వీథిలో ఆయనను సమీపించి ఒక కాగితముల కట్ట చేతికిచ్చెను. 1607లో కనబడిన హేలీ తోకచుక్కను ఇంగ్లండున హేరియట్ చూచి వ్రాసియుంచిన పాత గుర్తులు అప్పటికి కొన్నాళ్ల క్రిందటనే అచ్చుపడినవి. ఆ గుర్తులనుండి ఆ తోకచుక్క కక్ష్యను గణించి ఆ కట్టలో వ్రాసియుండెను. ఓల్బెర్స్ చదివి, ఇది గుమాస్తా పని కాదని గ్రహించి, అచ్చువేయించెను. ఖగోళశాస్త్రమునకు తాను చేసిన సేవలన్నింటిలో బెస్సెల్‌ను కనిపెట్టుటయే పెద్దదని ఆ వైద్యుడు వార్ధక్యమున చెప్పుకొనెడివాడు. చిన్నవాని గొప్పతనము నొప్పుకొనుటకు పెద్దవారిలో ఎందఱికి మనసొప్పును?

1806లో ఒప్పందము గడువు తీరెను. ఇక కొఠీలో మంచి జీతము, ఆపైన భాగస్వామ్యము వచ్చు దారి. మఱియొక ప్రక్క బ్రెమెన్ చేరువ లిలియెన్‌తాల్ గ్రామమున ష్రోటర్ అను అధికారి సొంతఖర్చుతో నడుపుచున్న వేధశాలలో సహాయకుని పని. దానికి వచ్చు జీతము స్వల్పము. బెస్సెల్ రెండవ దానిని కోరెను. కొఠీవారు విచారించిరట. ఆయన విచారించినట్లు కనబడదు.

ఆ యేడే నెపోలియన్ ప్రష్యాను చిత్తుగా నోడించెను. రాజు బెర్లిన్ విడిచి తూర్పున కోనిగ్స్‌బర్గునకు పోయి తలదాచుకొనెను. సగము రాజ్యము పోయెను. పరిహారముక్రింద కట్టవలసిన సొమ్ముతో బొక్కసము వట్టిపోయెను. అట్టి దినములలో ఆ ఓడిన రాజ్యము బెర్లినునందు విశ్వవిద్యాలయము, కోనిగ్స్‌బర్గునందు వేధశాల కట్టుటకు నిశ్చయించెను. సైన్యము చేత పోయినది చదువు చేత రాబట్టవలెనని వారి తలంపు. చేతిలో డబ్బున్నప్పుడు చదువు సంగతి తరువాత చూతమను పాలకులకును, డబ్బు లేనప్పుడే చదువునకు పూనుకొన్న ఆ పాలకులకును గల భేదము ఎత్తి చూపనక్కరలేదు. ఆ వేధశాలకు అధ్యక్షుడుగా, విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా ఇరువదియైదేండ్ల బెస్సెల్‌ను పిలిచిరి. 1810లో ఆయన అక్కడికి చేరెను.

ఒక చిక్కు వచ్చెను. ఆచార్యునకు పట్టము లేదు. పట్టము లేనివాడు పట్టభద్రులకు పాఠము చెప్పుట ఎట్లని విశ్వవిద్యాలయమువారు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. గణితసార్వభౌముడైన గౌస్ మాట సాయము చేయగా గోటింగెన్ విశ్వవిద్యాలయము పరీక్ష లేకయే డాక్టరు బిరుదునిచ్చి ఆ చిక్కు విప్పెను. మన కచేరీలలో దరఖాస్తుతో జతపరచిన కాగితములను చూచి మనిషిని చూడనివారికి ఈ కథ కొంత మందు.

నెపోలియన్ సేన 1812లో రష్యామీదికి ఆ దారినే పోయి, ఆ దారినే శిథిలమై తిరిగివచ్చెను. ఆ కల్లోలమునడుమ గోడలు లేచుచు, 1813 చివర వేధశాల సిద్ధమయ్యెను. బెస్సెల్ 1812లోనే జొహన్నా హేగన్‌ను వివాహమాడి ఆ నగరమున స్థిరపడెను. అప్పటినుండి ముప్పదిమూడేండ్లు, మరణించువఱకు, బెర్లిన్ మొదలగు పెద్ద స్థలములనుండి పిలుపులు వచ్చినను కదలలేదు.

వేధశాల కట్టుచుండగా ఆయన చేసిన పని ఆయన స్వభావమును చక్కగా తెలుపును. బ్రాడ్లీ 1750 మొదలు 1762 వఱకు గ్రీనిచ్ నగరమున తారలను చూచి వేల గుర్తులు వ్రాసి చనిపోయెను. అవి ఎవ్వరును సరిచేయని పద్దులవలె పడియుండెను. గడియారమెంత తప్పు నడచెను, యంత్రమెంత వంగెను, ఆ రాత్రి చలి యెంత, గాలి బరువెంత, గాలిలో వెలుగు ఎంత వంగెను, అను ప్రతి లెక్కను వేఱుచేసిన గాని ఆ గుర్తులకు విలువ లేదు. బెస్సెల్ ఆ పాత దఫ్తరమును ముందు వేసికొని, ఒక్కొక్క తప్పును దాని పద్దులో వేసి, 3,222 నక్షత్రముల స్థానములను తేల్చి 1818లో గ్రంథముగా ప్రకటించెను. చనిపోయినవాని గుర్తులు, ఆయన బ్రతికియున్నప్పటికంటె ఎక్కువ నమ్మదగినవయ్యెను. ప్రతి యంత్రమును రెండుమాఱులు తయారగునని ఆయన అభిప్రాయము: ఒకమాఱు పనివాని చేతిలో, రెండవమాఱు దానిలోని తప్పులన్నియు కనిపెట్టి లెక్కవేసిన గణకుని కాగితముమీద. కొఠీలో దమ్మిడీ తేడా వచ్చినను తెల్లవాఱువఱకు కూర్చుండి వెదకిన అలవాటు ఇక్కడ శాస్త్రమయ్యెను.

యంత్రము తప్పు సరే. మనిషి తప్పు మాటయేమి? ఇందును గూర్చి ఒక కథ గలదు. గ్రీనిచ్ వేధశాలలో మాస్కెలిన్ అధ్యక్షుడుగా నున్నప్పుడు కిన్నెబ్రూక్ అను సహాయకుడుండెను. ఆ దినములలో దుర్భిణిలోని తీగను నక్షత్రము దాటు క్షణమును కంటితో చూచుచు, గడియారపు టక్కులను చెవితో వినుచు, సెకండులో పదవ పాలు వఱకు అంచనా కట్టి వ్రాయవలెను. సహాయకుని గుర్తులు అధ్యక్షుని గుర్తులకు సెకండులో పదింట ఎనిమిది పాళ్లు వెనుకబడుచుండెను. హెచ్చరించినను దిద్దుబాటు కానందున 1796లో అతనిని పనినుండి తొలగించిరి. ఈ సంగతి అచ్చుపడెను, ఎందఱో చదివిరి, సోమరి సహాయకుడు పని పోగొట్టుకొనెనని అనుకొని పుట త్రిప్పిరి.

బెస్సెల్ పుట త్రిప్పలేదు. తప్పు దిద్దుకొనుటకు సర్వప్రయత్నము చేసిన మనిషి ఎప్పుడును ఒకే మేర వెనుకబడుచున్నాడనగా అది అజాగ్రత్త కాదు గదా యని సందేహించెను. అజాగ్రత్త ఒకమాఱు ముందునకును, ఒకమాఱు వెనుకకును పోవును. ఆయన ఇతరులతో గూడ కూర్చుండి, ఒకే నక్షత్రములను చూచి, ఎవరి గుర్తులు వారు వ్రాయునట్లు చేసి పోల్చెను. తన శిష్యుడు ఆర్గెలాండర్ గుర్తులకును తన గుర్తులకును ఒక సెకండునకు మించిన తేడా వచ్చెను! గ్రీనిచ్‌లో ఉద్యోగము తీసిన తేడాకంటె ఇది ఎక్కువ. కన్ను చూచినదియు, చెవి విన్నదియు మనస్సులో కలియుటకు ఒక్కొక్కనికి ఒక్కొక్క మేర కాలము పట్టునని, అది నేరము కాదని, ఆ తేడాను గడియారపు తప్పువలెనే పద్దులో వేయవలెనని తేలెను. అధ్యక్షుడు సరి, సహాయకుడు తప్పు అనుటకు ఆధారము లేదు. వేధకులందఱును తమ తమ తేడాను లెక్కించి చెప్పుకొను ఆచారము అక్కడినుండి వచ్చెను. మనస్తత్వశాస్త్రము ప్రయోగశాలలో అడుగిడుటకు అదియు ఒక దారి చూపెను. కిన్నెబ్రూక్ మాత్రము 1802లోనే చనిపోయియుండెను. తనమీది ఆరోపణ తొలగిన సంగతి అతడు వినలేదు.

ఇట్లు యంత్రముపైనను, గాలిపైనను, తనపైనను సమానముగా అనుమానము పెంచుకొన్నవాడే లంబనమునకు తగినవాడు. అంతవఱకు వెదకినవారు చాలమంది మెఱయు చుక్కలను ఎన్నుకొనిరి. పెద్దగా మెఱయునది దగ్గఱ నుండునని వారి తలంపు. బెస్సెల్ వేఱు గుర్తు పట్టుకొనెను. రైలులో పోవునప్పుడు దారి ప్రక్క చెట్లు పరుగులిడును, దూరపు కొండ నిలిచియుండును. ఆకాశమునందును త్వరగా కదలునదే దగ్గఱిది కావలెను. ఇటలీ దేశపు పియాజ్జీ హంసయందలి 61వ తార అన్ని తారలకంటె వేగముగా తన చోటు మారుచున్నదని కనిపెట్టి, దానికి ఎగురు చుక్కయని పేరు పెట్టియుండెను. ఏటికి అయిదు వికలలకు కొంచెము పైగా అది జరుగును. వికల యనగా భాగలో 3,600వ వంతు. ఆ లెక్కను చంద్రబింబపు వెడల్పు మేర జరుగుటకు దానికి 350 యేండ్లు పట్టును. నక్షత్రములలో ఇదియే పరుగు! అది యొంటరి తారయు కాదు, ఒకదాని చుట్టు ఒకటి తిరుగు జంట. ఇంత మసక చుక్కను పట్టుకొనుట చూచి తక్కినవారు ఏమనుకొనిరో గాని, అంతరమును వెలుగుచేత గాక నడకచేత అంచనా కట్టిన ఆ తెలివిలోనే సగము విజయము గలదు.

ఆయుధము మ్యూనికునుండి వచ్చెను. అనాథబాలుడై అద్దములు సానపట్టు పనిలో చేరి, లోకమున కెల్ల శ్రేష్ఠమైన కటకములు చేసిన ఫ్రాన్‌హోఫర్ దానిని నిర్మింపబూనెను. ఆయన 1826లో ముప్పదితొమ్మిదవ యేట మరణించెను. యంత్రము 1829లో కోనిగ్స్‌బర్గు చేరెను. దానిలో వింత యేమనగా, దుర్భిణి ముఖమున నున్న పెద్ద కటకమును నడిమికి రెండు చెక్కలుగా కోసిరి. ఒక్కొక్క చెక్క ఆకాశముయొక్క పూర్తి ప్రతిబింబము నిచ్చును. మఱను త్రిప్పి చెక్కలను జరుపుచు, ఒక చెక్కలోని నక్షత్రమును రెండవ చెక్కలోని పొరుగు నక్షత్రముపై సరిగా కూర్చవలెను. మఱ ఎన్ని చుట్లు తిరిగెనో అదియే ఆ రెంటి నడిమి కోణము. అంత విలువగల కటకమును కోయుటకు చేయి సాచిన పనివాని ధైర్యమును తలచుకొన్న ఒళ్లు జలదరించును.

1834లో ఒకమాఱు మొదలుపెట్టెను గాని పని సాగలేదు. 1835లో హేలీ తోకచుక్క మరల వచ్చి ఆయన కాలమును తీసికొనెను. తన తొలిపని ఆ చుక్కపైననే గదా. 1837 ఆగస్టున మరల పూనుకొని, హంసతార చేరువ కనబడు రెండు చిన్న తారలను సాక్షులుగా పెట్టుకొనెను. అవి బహుదూరమున నుండి కదలనివని ఆయన లెక్క. తేటపడిన ప్రతి రాత్రియు సామాన్యముగా పదునాఱేసిమాఱులు ఒకే కొలత తీయుట. వేసవి, శరత్తు, నీరు గడ్డకట్టు ఉత్తరపు హేమంతము, మరల వసంతము. చలికి మఱయొక్క లోహము ముడుచుకొనునని దానికిని లెక్క వేసెను. 1838 అక్టోబరు మొదటివఱకు ఇట్లే సాగెను. కాగితముమీద అంకెలను పరచి చూడగా, ఆ మసక చుక్క ఏడాదిపొడవున సాక్షితారల నడుమ మెల్లగా ఊగి, మొదటి చోటికి వచ్చుచున్నట్లు తేలెను. రెండు సాక్షులును ఒకే మాట చెప్పిరి. ఊపు భూమి నడకతో సరిపోయెను.

లంబనము 0.3136 వికల. ఒక అంగుళము వెడల్పుగల బిళ్లను పది మైళ్ల దూరమున నుంచినచో అది మన కంటికి చేయు కోణము రమారమి ఇంతే. దానినిబట్టి ఆ తార, భూమికిని సూర్యునికిని గల దూరమునకు 6,57,000 రెట్ల దూరమున నున్నది. వెలుగు అక్కడినుండి వచ్చుటకు పదేండ్లకు పైబడి, 10.3 యేండ్లు పట్టునని బెస్సెల్ లెక్క. నేటి కృత్రిమోపగ్రహములు తీసిన కొలత 11.4 యేండ్లు. చేతితో మఱ త్రిప్పి, కంటితో చూచి తీసిన అంకె పదింట ఒక పాలు లోపుగనే తప్పినది. అక్టోబరున ఆయన ఈ వార్తను ఇంగ్లండులోని జాన్ హెర్షెల్‌కు జాబుమూలమున తెలిపెను. తండ్రి విలియం వెదకి కానక పోయినదానిని కొడుకు చదివెను.

న్యాయముగా ఇద్దఱిని తలపవలెను. దోర్పత్ నగరమున స్ట్రూవె అభిజిత్తును చూచి 1837లోనే ఒక లంబనము ప్రకటించెను. అది నేటి అంకెకు మిక్కిలి దగ్గఱ. కాని 1840లో మరల గణించి దానిని రెట్టింపు చేయగా పండితులకు నమ్మకము సడలెను. స్కాట్లండు దేశస్థుడైన హెండర్సన్, ఇతడును మొదట వకీలు గుమాస్తాయే, దక్షిణాఫ్రికా కొనయందు 1832, 1833 సంవత్సరములలో ఆల్ఫా సెంటారిని చూచియుండెను. ఆ తార హంసతారకంటె దగ్గఱిది, దాని లంబనము పెద్దది. కాని తన గుర్తులను తానే నమ్మక, లెక్క జాగుచేసి, బెస్సెల్ ప్రకటించిన తరువాత 1839లో గాని బయటపెట్టలేదు. ముందు చూచినవాడు వెనుకబడెను. లండనులోని రాజకీయ ఖగోళ సంఘము 1841లో బెస్సెల్‌కు స్వర్ణపతకము నిచ్చినది. పోటీ తగవు గాకుండ ముగ్గురును పరస్పరము గౌరవించుకొనిరి.

భూమి ఆకారమును నిర్ణయించుటలో సైతము ఆయన చేయి గలదు. 1841లో ఆయన ప్రకటించిన భూమి కొలతలకు ఆధారములైన పది మధ్యాహ్నరేఖా ఖండములలో రెండు మన దేశమున కొలిచినవి. లాంబ్టన్ కన్యాకుమారి ప్రాంతమునుండి ఉత్తరముగా సాగించిన గొలుసు గుత్తి సీమ మీదుగా నడచినది. మన కొండగుట్టలమీద కూలీలు మోసిన యంత్రములు పలికిన అంకెలు బాల్టిక్ సముద్రతీరమున బెస్సెల్ బల్లమీదికి పోయి లెక్కలో కలిసినవి.

1840లో ఆయన కుమారుడు విల్హెల్మ్ ఇరువదియాఱవ యేట మరణించెను. యువకుడు గృహనిర్మాణ శిల్పి. తండ్రి ఆ దెబ్బనుండి పూర్తిగా తేరుకొనలేదు. యురేనస్ గ్రహము లెక్కకు లొంగక తప్పటడుగులు వేయుచుండుటకు ఆవల మఱియొక గ్రహము కారణము కావచ్చునని తలచి ఆ వెదకులాటకు పూనుకొనవలెనని యుండెను. అందులకు సాయపడుచున్న శిష్యుడు ఫ్లెమింగ్ కూడ ఆ యేడే పోయెను. ఆ పని సాగలేదు.

అయినను 1844లో, వ్యాధి పైకొనుచున్న వేళ, ఇంకొక గొప్ప మాట చెప్పెను. లుబ్ధకము మన ఆకాశమున కెల్ల మిక్కిలి మెఱయు తార. అది తిన్నగా జరుగక అలవలె ఊగుచు పోవుచున్నదని పాతవియు క్రొత్తవియు గుర్తులను పోల్చి కనిపెట్టెను. కంటికి కనబడని ఒక తోడు దానిని లాగుచుండవలెను. ప్రోసియాన్ అను తారకును అట్లే. కనబడని నక్షత్రము నెట్లు నమ్మవలెనని అడిగినవారికి, వెలుగుట నక్షత్రమునకు తప్పనిసరి ధర్మము కాదని, లెక్కలేనన్ని కనబడు తారలున్నవన్నంత మాత్రమున కనబడనివి లేవనుటకు వీలులేదని ఆయన వాదము. 1862లో అమెరికాలో ఆల్వన్ క్లార్క్ క్రొత్త దుర్భిణిని పరీక్షించుచు లుబ్ధకము ప్రక్క ఆ తోడును చూచెను. ప్రోసియాన్ తోడు 1896లో కనబడెను. సూర్యునంత బరువును భూమియంత బింబములో ఇఱికించుకొన్న వింత జాతికి చెందిన తారలు అవియని ఇరువదవ శతాబ్దమున తెలిసెను.

బెస్సెల్ 1846 మార్చి 17న, అఱువదిరెండవ యేడు నిండకయే, చాలకాలము బాధపెట్టిన కడుపువ్యాధిచేత కోనిగ్స్‌బర్గునందు మరణించెను. ఆ సెప్టెంబరులోనే యురేనస్ నడకను తప్పించుచున్న గ్రహము బెర్లిన్ వేధశాలలో కనబడెను. దానికి నెప్ట్యూన్ అని పేరిడిరి. ఆరు నెలలు బ్రతికియుండిన వినియుండెడివాడు.

ఆ వేధశాల ఇప్పుడు లేదు. 1944 ఆగస్టులో ఇంగ్లీషు విమానముల బాంబులచేత ఆ నగరముతోపాటు నాశమయ్యెను. యుద్ధానంతరము నగరము రష్యా వశమై 1946లో కలినిన్‌గ్రాడ్ అను పేరు దాల్చినది. కోపర్నికస్ తుదిశ్వాస విడిచిన ఫ్రావెన్‌బర్గు కూడ ఆ సమీపమున, అదే ఉప్పుకయ్య ఒడ్డుననే యున్నది. మూడువందల యేండ్ల బాకీ పుట్టినదియు, తీరినదియు ఒకే నీటిగట్టున.

హంసలోని ఆ మసక చుక్క తన దారిని పోవుచునేయున్నది. బెస్సెల్ రాత్రులు మేలుకొని చూచిన చోటునుండి అది ఇప్పటికి చంద్రబింబములో సగము వెడల్పు మేర జరిగినది.